డెల్టా నేల కింద మెట్రో తవ్వాలంటే

వరదల రోజుల్లో గోదావరి ఏటిగట్లకు కాపలా ఉండేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. నది నిండుగా పారుతున్నప్పుడు గట్టుకు ఊరివైపున నేలలోంచి నీరు బుడబుడమంటూ పైకి ఉబుకుతుంది. తేటనీరు వస్తే కంగారు లేదు. ఇసుకను కూడా వెంట తెస్తోందంటే గట్టు అడుగు ఖాళీ అవుతున్నట్టే. దాన్ని మట్టి పోసి పూడ్చరు, పూడిస్తే పక్కనే ఇంకోచోట తన్నుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీటిని నిలవనిస్తారు. నిలిచిన నీటి బరువు కిందినుంచి వచ్చే ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. నీరు కారుతూనే ఉంటుంది, ఇసుక మాత్రం కదలదు.

మెత్తటి నేలలో భూగర్భ రైలుమార్గం కట్టే ఇంజనీర్లు చేసేది కూడా చాలావరకు ఇదే. కాకినాడకో రాజమహేంద్రవరానికో మెట్రో వస్తుందని నేను జోస్యం చెప్పడం లేదు. వస్తే మాత్రం ఎలా తవ్వాలన్నది తేల్చేది కింద ఉన్న నేల, నీరు.

ఉన్నవి ముఖ్యంగా రెండు దారులు. రోడ్డును పైనుంచి తవ్వి, కాంక్రీటు పెట్టె కట్టి, మళ్లీ కప్పేయడం మొదటిది. 1863లో లండన్‌లో ప్రారంభమైన ప్రపంచపు తొలి భూగర్భ రైలుమార్గం చాలావరకు ఇలా కట్టిందే. లోతు తక్కువ కాబట్టి ప్రయాణికుడికి మెట్లు తక్కువ. కడుతున్నన్నాళ్లూ వీధిలో దుకాణాలవాళ్లకు మాత్రం నరకమే. కోల్‌కతాలో 1972లో శంకుస్థాపన జరిగితే తొలి రైలు నడిచింది 1984లో, ఆ మధ్యకాలమంతా నగరం నడిబొడ్డున గోతులే.

డెల్టాలో ఊరికే గొయ్యి తవ్వితే ఏమవుతుందో నుయ్యి తవ్వించిన ఎవరినడిగినా చెబుతారు. అందుకే ముందు గోడలు, తర్వాతే తవ్వకం. పోలవరం పుణ్యమా అని డయాఫ్రం వాల్ అనే మాట గోదావరి జిల్లాల్లో టీకొట్టు దగ్గర కూడా వినిపిస్తుంది. అక్కడ దాని పని ఆనకట్ట కిందుగా నీరు ఊరకుండా ఆపడం. మెట్రోలో అది మట్టిని కూడా ఆపాలి కాబట్టి లోపల ఉక్కు ఊచల చట్రం ఉంటుంది. సన్నటి కందకాన్ని తవ్వుతున్నంతసేపూ బెంటొనైట్ బంకమట్టి కలిపిన చిక్కటి ద్రవంతో నింపే ఉంచుతారు. ఆ ద్రవం ఒత్తిడే కందకం అంచులు కూలకుండా పట్టి ఉంచుతుంది. తర్వాత గొట్టంతో అడుగునుంచి కాంక్రీటు పోస్తూ వస్తే ద్రవం పైకి వచ్చేస్తుంది. గోడ గట్టి బంకమట్టి పొరలోకి దిగకపోతే నీరు దాని కిందుగా వచ్చి గొయ్యి అడుగును పొంగిస్తుంది. పోనీ మోటార్లు పెట్టి చుట్టూ నీటిమట్టం దించేద్దామంటే, నీరు పోయిన బంకమట్టి కుదించుకుపోయి పక్క ఇళ్లు కుంగుతాయి, తీరం దగ్గరైతే ఉప్పునీరు కూడా లోపలికి చొరబడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2008లో స్టేషన్ గోడలో ఒక లోపం గుండా నీరు, ఇసుక కారి పాత ఇళ్లు కుంగాయి.

రెండోది యంత్రంతో సొరంగం తొలచడం. నీటిమట్టానికి 15 మీటర్ల దిగువన ప్రతి చదరపు మీటరు మీదా 15 టన్నుల నీటి ఒత్తిడి ఉంటుంది. ఆరున్నర మీటర్ల వ్యాసమున్న యంత్రం ముఖం మీద అది దాదాపు 500 టన్నులు. తవ్విన మట్టిని ఆ ముఖం వెనక గదిలోనే కూరి ఉంచి, మరచుట్టు ఉన్న గొట్టంతో లెక్క ప్రకారం బయటికి తీస్తారు. ఎక్కువ తీస్తే పైన రోడ్డు కుంగుతుంది, తక్కువ తీస్తే ఉబుకుతుంది. 2019లో కోల్‌కతా బౌబజార్‌లో యంత్రం నీటి పొరను తాకి, ఆ నీరు సొరంగంలోకి దూకడంతో పైన ఇళ్లు కూలాయి. అదే మార్గం హుగ్లీ నది కింద 520 మీటర్ల మేర క్షేమంగా సాగి, 2024లో ప్రారంభమైంది. నదికంటే పాత బస్తీయే ఎక్కువ బాధపెట్టిందన్నమాట.

ఇక సొరంగం పూర్తయ్యాక కుదురుగా ఉంటుందా అంటే, అదీ లేదు. అది పైకి తేలాలని చూస్తుంది. బయటి వ్యాసం 6.35 మీటర్లు, గోడ మందం 27.5 సెంటీమీటర్లు అనుకుందాం. మీటరు పొడవుకు అది పక్కకు నెట్టే నీటి బరువు సుమారు 32 టన్నులు, దాని కాంక్రీటు బరువు 13 టన్నులే. మిగిలిన 19 టన్నులనూ పైనున్న మట్టే అదిమి పట్టాలి. కాబట్టి మామూలుగా సొరంగం మీద కనీసం దాని వ్యాసమంత మందాన నేల ఉండేలా చూస్తారు.

యంత్రం తెస్తే రోడ్లు తవ్వనక్కర్లేదన్న మాట సగమే నిజం. సొరంగం ఎలా తొలిచినా స్టేషన్లను దాదాపు ఎప్పుడూ పైనుంచే తవ్వుతారు. సొరంగం లోతుకు వెళ్లేకొద్దీ స్టేషనూ దిగాలి, ఖర్చూ పెరగాలి. యంత్రాన్ని దించడానికీ ఒక బావి కావాలి. 1825లో లండన్‌లో థేమ్స్ నది కింద సొరంగానికి మార్క్ బ్రూనెల్ అనే ఇంజనీరు నేలమీద ఇటుక వలయం కట్టి, లోపలి మట్టి తీస్తూ దాన్ని సొంత బరువుతోనే దించాడు. మన ఊళ్లలో నూతిలో ఒరలు దింపే పద్ధతీ అదే.

రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఇసుకరాయి ఉంది, కాతేరు దగ్గర సుమారు 6.5 కోట్ల ఏళ్లనాటి లావా రాయి కూడా ఉంది. ఒకే సొరంగంలో కాసేపు బండ, కాసేపు ఒండ్రు తగిలితే యంత్రానికి అంతకంటే చిక్కు లేదు. కాకినాడలో సముద్రపు మెత్తటి బంకమట్టి. నన్నడిగితే అక్కడ స్తంభాల మీద పైవంతెనే మేలు. నేల కిందికే వెళ్లాలనుకుంటే ఊరి మధ్య ఒకటి రెండు కిలోమీటర్లకు పరిమితం కావాలి.

అప్పుడైనా స్టేషన్ గుమ్మం ఎత్తును ముందే తేల్చుకోవాలి. 2001లో నారీ తుపానుకు తైపే మెట్రోలోకి వరద నీరు దిగి, మార్గాలను పూర్తిగా తెరవడానికి నెలలు పట్టింది. బ్యాంకాక్‌లో అయితే గుమ్మాలను రోడ్డుకంటే ఎత్తున కట్టారు. అక్కడ రైలు కోసం కిందికి దిగాలన్నా ముందు కొన్ని మెట్లు పైకెక్కాల్సిందే.