ఏ బరంపురం పట్టు?

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పట్టుబట్టలు అమ్మే తెలుగువాళ్లు సైటు పెట్టగానే ముందు రాసే మాట ‘పట్టు చీరలు’. ఆ మాటతో వెతికితే కంచి, ధర్మవరం, బెనారస్ అన్నీ వరసలో ఉంటాయి. పోనీ ఊరిపేరు చేర్చినా చిక్కు తీరదు. 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ఊరు మనకు బరంపురం, ఒడియావాళ్లకు బ్రహ్మపుర, ఇంగ్లిషులో బెర్హంపూర్. బెంగాల్‌లో, ముర్షిదాబాద్ జిల్లాలో దాదాపు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. ఆ జిల్లాకూ పట్టులో పెద్ద పేరే!

ఇలాంటి గంపగుత్త మాటల మీద మోజు సెర్చ్ ఇంజిన్ల తొలిరోజులది. 1995 డిసెంబరులో ఆల్టావిస్టా వచ్చినప్పుడు పేజీలో ఏ మాటలున్నాయన్నదే ముఖ్యం. దాంతో పేజీ వెనక కంటికి కనబడని మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో నోటికొచ్చిన మాటలన్నీ దట్టించేవారు. తెల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో అదే మాట వందసార్లు రాసిన ఘనులూ ఉన్నారు. 1998లో పుట్టిన గూగుల్, ఎవరు ఎవరికి లింకు ఇస్తున్నారో కూడా లెక్కలోకి తీసుకుంది. 2003 నవంబరులో గూగుల్ లెక్కలో ‘ఫ్లోరిడా’ అని పిలిచే మార్పు రాగానే ఇలా దట్టించిన పేజీలు చాలా కిందికి జారిపోయాయి. ర్యాంకు ఇవ్వడానికి ఆ మెటా కీవర్డ్స్ ట్యాగును చూడనే చూడమని 2009 సెప్టెంబరులో గూగుల్ బాహాటంగా చెప్పింది. అయినా అది నింపి డబ్బు తీసుకునేవాళ్లు తర్వాత కూడా ఉన్నారు. గూగుల్ వెతుకులాటలో 2013లో హమ్మింగ్‌బర్డ్, 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ అనే మార్పులు వచ్చాక అడిగిన మాటకన్నా అడిగేవాళ్లకు ఏం కావాలన్నది ముందుకొచ్చింది.

గూగుల్‌కు డబ్బు కట్టి వేసే ప్రకటనల్లోని ‘బ్రాడ్ మ్యాచ్’ వేరే సంగతి. దాన్నీ, సైటులో రాసే మాటల్నీ కలిపేసుకుంటారు. అక్కడ ఒక మాట ఎంచుకుంటే దానికి దగ్గరగా ఏం వెతికినా మన ప్రకటన కనబడొచ్చు, నొక్కిన ప్రతిసారీ మన డబ్బు పోతుంది. చిన్న కొట్టుకు అది చేతిచమురు భాగవతం.

నిజానికి ఈ ఊరి నేతకు ఎవరూ లాక్కోలేని మాట ఒకటుంది. ఇక్కడి చీరకు, మగవాళ్లు కట్టుకునే జోడాకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది ‘ఫోడా కుంభ’ అంచు పేరు మీదే. గుడి గోపురాల్లా పైకి లేచే అంచు అది. ఆ పేరుతో వెతికేవాళ్లు కొద్దిమందే అయినా, ఏం కావాలో తెలిసి వస్తారు. కాకపోతే ఇచ్ఛాపురం నుంచో శ్రీకాకుళం నుంచో పెళ్లిబట్టలకు వచ్చిన అమ్మ ఆ పేరు ఎత్తదు, ‘టెంపుల్ బోర్డర్ చూపించండి’ అంటుంది. కొట్టులో రోజూ వినబడే ఆ మాట సైటులో మాత్రం కనబడదు. అక్కడ ఇంకా ‘పట్టు చీరలు’ అనే ఉంది.