మెయిన్‌ఫ్రేమ్‌లను కలిపిన తొలి తీగలు: హైపర్‌చానెల్ నేపథ్యం

వేర్వేరు సంస్థల మెయిన్‌ఫ్రేమ్‌లను, అంటే పెద్ద కంప్యూటర్లను, ఒకే కేబుల్ మీద కలిపిన వ్యవస్థ హైపర్‌చానెల్. దాని అవసరం ఎలా వచ్చిందో చూద్దాం. 1960ల నడుమ కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అణ్వాయుధ పరిశోధనశాలలో ఆనాటి అత్యంత వేగవంతమైన కంప్యూటర్లు ఒకటి తర్వాత ఒకటి చేరుతూ వచ్చాయి. ఒక్కోదానికీ విడిగా డిస్కులు, టేపులు, ప్రింటర్లు కొనడం ఎంత సంపన్న సంస్థకైనా భారమే. అందుకని అక్కడి ఇంజనీర్లు ఆక్టోపస్ అనే వ్యవస్థను నిర్మించారు. మధ్యలో పీడీపీ-6 యంత్రం, దానికి అనుసంధానంగా చుట్టూ సీడీసీ 6600 వంటి గణన యంత్రాలు, అందరికీ ఉమ్మడిగా లక్ష కోట్ల బిట్లు పట్టే ఐబీఎం ఫోటోస్టోర్ అనే నిల్వ పరికరం ఉండేవి. అయితే ప్రతి అనుసంధానాన్నీ ప్రయోగశాలే ప్రత్యేకంగా తయారుచేసుకోవలసి వచ్చేది. మధ్య యంత్రం మీద భారం పెరగడంతో తర్వాత ఆ పనిని అనేక చిన్న నెట్‌వర్క్‌లకు పంచారు.

అసలు చిక్కు చానెల్‌లో ఉంది. మెయిన్‌ఫ్రేమ్ బయటి పరికరాలతో మాట్లాడేది చానెల్ ద్వారానే. అది ఒక్కో తయారీదారుకు ఒక్కో రకం. ఐబీఎం యంత్రం 8 బిట్ల బైట్లతో పనిచేస్తే, యూనివాక్ పదం (యంత్రం ఒకేసారి చేపట్టే బిట్ల గుంపు) 36 బిట్లు, సీడీసీ పదం 60 బిట్లు, క్రే పదం 64 బిట్లు. పైగా చానెల్ కేబుల్ కొన్ని వందల అడుగులు దాటేది కాదు.

సూపర్ కంప్యూటర్ల రూపకర్త సేమూర్ క్రేతో కలిసి సీడీసీ 6600ను రూపొందించిన జేమ్స్ థార్న్‌టన్ 1974లో మిన్నెసోటాలో నెట్‌వర్క్ సిస్టమ్స్ కార్పొరేషన్‌ను స్థాపించారు. ఆ సంస్థ తెచ్చిన హైపర్‌చానెల్‌లో ప్రతి కంప్యూటర్ పక్కనా ఒక అడాప్టర్ ఉంటుంది. కంప్యూటర్ వైపు అది ఆ యంత్రపు చానెల్‌కు తగినట్టు ప్రవర్తిస్తుంది. రెండోవైపు అన్ని అడాప్టర్లూ ఒకే పద్ధతిలో, సెకనుకు 5 కోట్ల బిట్ల వేగంతో కోయాక్సియల్ కేబుల్ మీద మాట్లాడుకుంటాయి. ఒక్కో అడాప్టర్‌కు 4 కేబుళ్ల వరకూ తగిలించవచ్చు. ఒకే ప్రాంగణంలోని కంప్యూటర్లను కలిపే ఈథర్నెట్‌ను 1980లో ప్రమాణంగా ప్రకటించినప్పుడు దాని వేగం సెకనుకు కోటి బిట్లేనని గుర్తుంచుకుంటే, దీని స్థాయి తెలుస్తుంది.

ఈ రూపకల్పనలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది కేబుల్‌ను పంచుకున్న తీరు. ఆనాటి ఈథర్నెట్‌లో రెండు యంత్రాలు ఒకేసారి పంపితే సందేశాలు ఢీకొనేవి, యాదృచ్ఛిక విరామం తర్వాత ఆ యంత్రాలు మళ్లీ ప్రయత్నించేవి. హైపర్‌చానెల్‌లో ఒక సందేశం ముగియగానే, అందుకున్న అడాప్టర్ జవాబివ్వడానికి ముందుగా కొంత వ్యవధి కేటాయించి, ఆ తర్వాత ప్రాధాన్య క్రమంలో ఒక్కో అడాప్టర్‌కూ వంతు ఇచ్చారు. భారీ ఫైళ్లు నిరంతరం కదిలే యంత్రశాలలో వంతుల పద్ధతి వల్ల రద్దీ పెరిగినా కేబుల్ వృథా కాలేదు; కానీ ప్రాధాన్యం తక్కువున్న యంత్రం ఎక్కువసేపు వేచి ఉండవలసి వచ్చేది.

1988లో హైపర్‌చానెల్ మీద ఇంటర్నెట్ ప్రోటోకాల్‌ను నడిపే విధానాన్ని ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్ఎఫ్‌సీ 1044గా ప్రచురించారు. అప్పటికే సూపర్ కంప్యూటర్లు దాని వేగాన్ని మించిపోయాయి. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల చొరవతో మొదలైన, సూపర్ కంప్యూటర్లను కలిపే హిప్పీ ప్రమాణం సెకనుకు 80 కోట్ల బిట్లు మోసేది, కానీ రాగి తీగల మీద 25 మీటర్లకే పరిమితం. ఆ పరిమితిని దాటడానికి వచ్చిన సాంకేతికతల్లో, గాజు తంతువుల మీద కూడా నడిచే ఫైబర్ చానెల్ ఒకటి. 1998లో గిగాబిట్ ఈథర్నెట్ ప్రమాణాన్ని రాసినవారు సంకేతాలు పంపే భౌతిక పద్ధతిని ఆ ఫైబర్ చానెల్ నుంచే తీసుకున్నారు.