గీత గీసినట్టు పోయే గుండు: నాటు తుపాకి వేగం లెక్క వెనుక కథ

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస వైపు కొండవాలు ఊళ్లలో అడవి పంది కోసం పేల్చిన నాటు తుపాకి గుండు మనిషికి తగిలిందన్న వార్త జిల్లా పేజీలో అప్పుడప్పుడు కనిపిస్తుంది. వార్త వచ్చిన మర్నాడు టీ దుకాణం దగ్గర ఒకటే వాదన. తోట ఆ చివర నుంచి కొడితే ఈ చివర ఉన్నవాడికి తగులుతుందా? తగిలినా ఒంట్లోకి దిగుతుందా? పోయినసారి ఈ వాదనలో ఒక పెద్దాయన, వయసులో ఉండగా వేటకు తిరిగినవాడు, చేయి చాచి చూపించాడు. "గుండు గీత గీసినట్టు పోతుంది బాబూ. దమ్ము అయిపోయాక రాయిలా పడిపోతుంది." పక్కన కూర్చున్న ఇంటర్ కుర్రాడు నవ్వాడు. "గీత కాదు తాతా, పరావలయం. ఎక్కిన వంపుతోనే దిగే విల్లు గీత. పుస్తకంలో బొమ్మ ఉంది."

ఈ తగవు వాళ్లిద్దరితో మొదలైంది కాదు. దాదాపు అయిదు వందల ఏళ్ల క్రితం ఇటలీలో మొదలైంది. చిత్రం ఏమిటంటే, పుస్తకంలో బొమ్మ కన్నా పెద్దాయన చేయి చూపిన దారే నిజానికి దగ్గర.

1537లో నికోలో టార్టాలియా అనే గణిత పండితుడు ఫిరంగి గుండు దారిని మూడు ముక్కలుగా గీశాడు. మొదట తిన్నని గీత, తర్వాత చిన్న వంపు, ఆపైన నిట్టనిలువుగా నేలకు. ఫిరంగిని 45 డిగ్రీలు ఎత్తితే గుండు అన్నిటికన్నా దూరం పోతుందని కూడా ఆయనే చెప్పాడు. తొమ్మిదేళ్ల తర్వాత మరో పుస్తకంలో, గుండు దారిలో ఏ ముక్కా పూర్తిగా తిన్ననిది కాదని తన మాట తానే సవరించుకున్నాడు. 1638లో గెలీలియో వచ్చి ఆ మూడు ముక్కల బొమ్మను తుడిచేశాడు. విసిరిన వస్తువు ఏదైనా పరావలయంలోనే పోతుందన్నాడు. మన ఇంటర్ పుస్తకంలో ఉన్నది ఆ బొమ్మే. అయితే తుపాకి గుండు వేగం విపరీతమైనది కాబట్టి గాలి వల్ల దాని దారి చెడిపోవచ్చని గెలీలియో అక్కడే హెచ్చరించాడు. బొమ్మ నచ్చినవాళ్లు హెచ్చరికను వదిలేశారు. అందమైన సూత్రం దొరికితే మనుషులు చేసే పని ఇదే. 1680ల్లో, తోకచుక్కకు తన పేరు వచ్చిన ఎడ్మండ్ హేలీ అంతటివాడు కూడా బరువైన గుండ్లకు గాలి అడ్డు లెక్కలోకి తీసుకోదగ్గది కాదనే రాశాడు.

ఇంత గందరగోళానికి కారణం ఒక్కటే: గుండు వేగం ఎంతో ఎవరికీ తెలియదు. కంటికి కనిపించదు, గడియారానికి చిక్కదు. వేగం తెలియనిదే గాలి ఎంత అడ్డుపడుతుందో తెలియదు. అది తెలియనిదే దారి తెలియదు.

ఆ ముడి విప్పినవాడు బెంజమిన్ రాబిన్స్. 1707లో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో పుట్టాడు. ఆయుధం పట్టడమే పాపమని నమ్మే క్వేకర్ల కుటుంబం. అలాంటి ఇంటి నుంచి వచ్చినవాడు 1742లో ఫిరంగి విద్య మీద పుస్తకం రాశాడు. అందులో ఆయన చూపిన సాధనం చూస్తే, ఇంత చిన్న ఆలోచన అంతకు ముందు ఎవరికీ ఎందుకు తట్టలేదా అనిపిస్తుంది. అది ఒక ఉయ్యాల. పిల్లలను ఊపే ఉయ్యాల లాంటిదే, కాకపోతే అందులో పిల్లకు బదులు బరువైన చెక్క దిమ్మ ఉంటుంది. తుపాకిని దానికి గురిపెట్టి పేలుస్తారు. గుండు దిమ్మలో దిగబడి ఉండిపోతుంది, దిమ్మ వెనక్కి ఊగుతుంది. కింద కట్టిన సన్నని రిబ్బను ఎంత బయటికి లాగబడిందో కొలిస్తే, ఉయ్యాల ఎంత ఊగిందో తెలుస్తుంది.

లెక్క కట్టి చూడండి. 38 గ్రాముల సీసపు గుండు సెకనుకు 500 మీటర్ల వేగంతో వచ్చి 25 కిలోల దిమ్మలో దిగింది అనుకుందాం. ఆ జోరంతా ఇప్పుడు దిమ్మ, గుండు కలిసి పంచుకోవాలి. గుండు కన్నా ఆ రెండూ కలిసి సుమారు 660 రెట్లు బరువు. అంటే వేగం 660వ వంతుకు పడిపోతుంది, సెకనుకు ముప్పావు మీటరు. మనిషి నింపాదిగా నడిచే నడక కన్నా తక్కువ. ఆ వేగంతో కదిలిన దిమ్మ మూడు సెంటీమీటర్లు పైకి లేచి ఆగుతుంది. కంటికి అందని వేగాన్ని స్కేలుతో కొలవగలిగే మూడు సెంటీమీటర్లుగా మార్చాడన్నమాట. బొబ్బిలిలో వీణ కోసం తొలిచే పనస దిమ్మలను చూసినప్పుడల్లా నాకు రాబిన్స్ ఉయ్యాలే గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

ఆ ఉయ్యాల చెప్పిన మాట విన్నాక పాత లెక్కలు నిలవలేదు. ముప్పావు అంగుళం గుండు సెకనుకు 1,600 నుంచి 1,700 అడుగుల వేగంతో తుపాకి వదులుతోందని తేలింది. శబ్దం కన్నా ఒకటిన్నర రెట్లు వేగం. తుపాకిని దిమ్మకు దగ్గరగా పెట్టి ఒకసారి, దూరంగా పెట్టి ఇంకోసారి పేల్చి, మధ్యలో ఎంత వేగం పోయిందో కొలిచాడు. ఆ వేగంలో గాలి గుండును వెనక్కి నెట్టే బలం దాని బరువుకు 120 రెట్లు. గాలే లేకపోతే 45 డిగ్రీల ఎత్తులో పేల్చిన ఆ గుండు 17 మైళ్లు పోవాలి. బొబ్బిలిలో పేలిస్తే పార్వతీపురం దాటి పడాలన్నమాట. నిజంగా పోయేది అర మైలు లోపే, ముప్పై నాలుగో వంతు కూడా కాదు. అంతేకాదు, శబ్దవేగం దగ్గరికి వచ్చేసరికి గాలి అడ్డు ఉన్నట్టుండి పెరిగిపోతుందని కూడా ఆయన పట్టుకున్నాడు. విమానాలు శబ్దవేగాన్ని దాటడానికి రెండు వందల ఏళ్ల ముందు కనిపెట్టిన సంగతి ఇది.

ఇప్పుడు టీ దుకాణానికి వద్దాం. గాలి ఇంతగా అడ్డుపడితే గుండు దారి ఎలా ఉంటుంది? మొదట్లో వేగం ఎక్కువ కాబట్టి దాదాపు తిన్నగా కనిపిస్తుంది. వేగం చచ్చేకొద్దీ వంపు తిరుగుతుంది. చివర నిటారుగా దిగుతుంది. టార్టాలియా గీసిన బొమ్మకూ పెద్దాయన చాచిన చేతికీ ఇదే పోలిక. లెక్కలు తెలిసినవాళ్లు వందేళ్ల పాటు తప్పుపట్టిన బొమ్మే నిజానికి దగ్గరైంది.

రాబిన్స్‌కు మన తీరంతో సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఆయనను తన కోటల మరమ్మతు కోసం ఇంజినీర్ జనరల్‌గా తెచ్చుకుంది. 1750లో వచ్చాడు, 1751 జూలైలో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. 44 ఏళ్లు. ఆ తర్వాత ఆరేళ్లకు, 1757 జనవరి 24న, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట బురుజుల మీద పేలాయి. అక్కడ ఈ లెక్కల అవసరం రాలేదు. కోట ఎక్కడికీ కదలదు, ఫిరంగులు దగ్గరే ఉన్నాయి. బుర్రకథలో ఆ ఫిరంగుల మోత ఎంత విన్నా, ఆ కథకు ముగింపు పలికింది తుపాకి కాదు, విజయరామరాజు గుడారంలోకి దూరిన తాండ్ర పాపారాయుడి కత్తి.

గుండు తిన్నగా పోతుందన్న మాటలో ఒక మెలిక ఉంది. పైకీ కిందికీ చూస్తే దాదాపు తిన్నగానే ఉండవచ్చు, కానీ పక్కకు వంగిపోతుంది. మూతి నుంచి మందు పోసి దట్టించే తుపాకిలో గుండు గొట్టం కన్నా కాస్త చిన్నది కావాలి, లేకపోతే లోపలికి దిగదు. ఆ సందులో గుండు గొట్టం గోడలకు తగులుతూ, ఏదో ఒక వైపు తిరుగుతూ బయటికొస్తుంది. తిరిగే బంతి గాలిలో పక్కకు వంగుతుందని క్రికెట్ చూసే పిల్లలకూ తెలుసు. రాబిన్స్ వరుసగా పల్చటి కాగితపు తెరలు కట్టి, వాటి గుండా పేల్చి, చిల్లులు ఒకే వరసలో లేవని చూపించాడు. అంతటితో ఆగక, తుపాకి గొట్టం చివరను ఎడమకు వంచి పేల్చాడు. గుండు మొదట ఎడమకు వెళ్లి, తర్వాత కుడికి తిరిగింది. గొట్టం లోపల మెలితిరిగిన చాళ్లు కోసి గుండును ఒకే ఇరుసు మీద తిప్పితే ఈ జబ్బు కుదురుతుందని, ఆ రైఫిళ్లను ముందుగా అలవరచుకున్న దేశానిదే పైచేయి అవుతుందని చెప్పాడు. వందేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1849లో ఫ్రాన్స్‌లో మినియే గుండు వచ్చాకే ఆ మాట నిజమైంది. అడుగున బోలుగా ఉండే ఆ పొడుగు గుండు గొట్టంలోకి సులువుగా దిగుతుంది, పేలినప్పుడు అడుగు విచ్చుకుని చాళ్లను పట్టుకుంటుంది. ఆ కోవకు చెందిందే 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్. దాని తూటా కాగితానికి పూసిన కొవ్వు 1857లో ఏం చేసిందో చెప్పనక్కరలేదు. తిరుగుబాటు అణిగాక కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది, 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. మన్యంలో నాటు తుపాకికి లైసెన్సు అడిగే పద్ధతికి వేరు అక్కడుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1959 నాటి చట్టం.

కొలిచే సాధనాలు మారుతూ వచ్చాయి. ఉయ్యాల తర్వాత కరెంటు వచ్చింది. 1860ల్లో బెల్జియం సైనికాధికారి లె బూలాంజె చేసిన యంత్రంలో గుండు మొదటి తీగను తెంచగానే ఒక పొడుగు కడ్డీ కిందికి పడడం మొదలవుతుంది. రెండో తీగ తెగగానే కింద ఉన్న కత్తి ఎగిరి, పడుతున్న కడ్డీ మీద గాటు పెడుతుంది. గాటు ఎక్కడుందో చూస్తే మధ్య కాలం ఎంతో తెలుస్తుంది. పడే వస్తువునే గడియారం చేసుకున్నాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో హౌరా వైపు రైలెక్కితే దారిలో వచ్చే బాలాసోర్ దగ్గర, చాందీపూర్ తీరంలో 1895 నుంచి ఫిరంగులను పరీక్షిస్తున్నారు. అక్కడ ఆటుకు సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి పోతుంది. పడిన గుండ్లను నడిచి వెళ్లి ఏరుకోవచ్చు.

ఇప్పుడు రెండు కాంతి తెరల మధ్య గుండు నీడను పట్టే చిన్న పెట్టె దొరుకుతుంది, రాడార్‌తో కొలిచేవీ ఉన్నాయి. మూతి నుంచి దట్టించే తుపాకి వీటినీ తిప్పలు పెడుతుంది. గుండుతో పాటు పొగ, కాలని మందు, గుడ్డ పేలిక దూసుకొచ్చి ఆ పెట్టెను మోసం చేస్తాయి. అందుకని పెట్టెను నాలుగైదు మీటర్లు ముందుకు జరుపుతారు. దారి లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనూ ఒక ఉచ్చు ఉంది. వాటిలో ఎక్కువ భాగం మొన తేలిన పొడుగు గుండ్ల కోసం కట్టిన పట్టికల మీద నడుస్తాయి. గోళీ లాంటి గుండుకు గాలి అడ్డు వేరే రకంగా మారుతుంది. పట్టిక సరిపోకపోతే లెక్క ఎంత నున్నగా వచ్చినా వ్యర్థమే.

మరి టీ దుకాణంలో అడిగిన ప్రశ్న సంగతి? రాబిన్స్ వాడిన లాంటి గుండు వంద గజాలు పోయేసరికి దాని వేగంలో మూడో వంతు గాలికి పోతుంది. ఆ దూరంలో అది దిగజారేది అడుగు లోపే. మిగిలిన వేగం శబ్దవేగానికి కాస్త అటూ ఇటూ. మనిషిని చంపడానికి అది ఎక్కువే. తోట ఆ చివర నుంచి తగులుతుందా అంటే, తగులుతుంది. గురి చూసినవాడికే తగలాలని లేదు. గుండుకు బదులు రవ్వలు పోస్తే కథ వేరు: చిన్నవి కాబట్టి వాటి వేగం ఇంకా త్వరగా పోతుంది, చెదురుతాయి కూడా.

ఇదంతా నేను పెద్దాయనకు చెప్పాను. పదిహేడు మైళ్లు, అర మైలు దగ్గర ఆయన కళ్లు చిట్లించాడు. రాబిన్స్ ఎవరో, ఏ దేశమో అడగలేదు.

"మందు ఎంత పోశాడు?" అన్నాడు.

గుండు బరువులో సగం అని చెప్పాను.

"అంత మందే! వాడి భుజం ఉందా, పోయిందా?"