కారు మారితే హెచ్ ఎందుకు తప్పుతోంది? డ్రైవింగ్ టెస్టు అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో కారు నేర్పిస్తుంటాను. లైసెన్స్ టెస్టులో స్తంభాల మధ్య హెచ్ అక్షరం ఆకారంలో ఉన్న ట్రాక్‌లో కారుని ముందుకీ వెనక్కీ నడపాలి, దాన్నే 'హెచ్ వేయడం' అంటాం. టెస్టు స్లాట్ దగ్గర పడగానే నాకు తరచూ ఇలాంటి ఫోన్ వస్తుంది: "సార్, మీ ఆల్టోలో హెచ్ బాగానే వేశాను కదా. టెస్టుకి మా బావగారి బ్రెజా తెస్తున్నాను, ఏం కాదు కదా?"

అపోహ: గుర్తులు బట్టీ పడితే ఏ కారులోనైనా హెచ్ వచ్చేస్తుంది.

రాదు. "స్తంభం వెనక కిటికీ మూలలో కనిపించగానే స్టీరింగ్ ఫుల్ తిప్పు" అని చెప్పే గుర్తు ఆ కారుకి, ఆ సీటుకి, అందులో కూర్చున్న మనిషి ఎత్తుకి మాత్రమే సరిపోతుంది. ఆల్టో పొడవు సుమారు 3.5 మీటర్లు, బ్రెజా దాదాపు 4 మీటర్లు. స్తంభం అదే మూలలో కనిపించినా వెనక చక్రం ఉండాల్సిన చోట ఉండదు. మా దగ్గర నేర్చుకున్న ఒకావిడ ఇలాగే తమ్ముడి పెద్ద కారులో వచ్చింది. మొదటి మలుపులోనే స్తంభానికి తగిలించింది. బయటికొచ్చి "నాకు డ్రైవింగే రాదేమో సార్" అని ఏడ్చేసింది. అమ్మా, నీకు డ్రైవింగ్ వచ్చు. నీకు నేర్పింది ఒక కారు గుర్తులు, అంతే. ఆవిడని అదే కారులో ఖాళీ స్థలానికి తీసుకెళ్లి, సైడ్ అద్దాలు కాస్త కిందికి దించి, వెనక చక్రాన్నీ గీతనూ చూస్తూ రివర్స్ చేయించాను. తర్వాతి టెస్టు పాసైంది.

కాబట్టి కారు మారుతుంటే టెస్టుకి ముందు అదే కారులో ఒక్క గంటైనా రివర్స్ చేయండి. ట్రాక్ దగ్గర అద్దెకి తీసుకునే కారైతే పొద్దున్నే వెళ్లి, లైసెన్స్ ఉన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, అంటే కాలు ఎంత ఎత్తితే బండి కదలడం మొదలవుతుందో చూడండి. అరిగిన క్లచ్ బాగా పైకి వచ్చాక గానీ పట్టుకోదు, కొన్ని కార్లలో కాలు కొంచెం ఎత్తగానే పట్టుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కకుండా, క్లచ్ మెల్లగా వదులుతూ నాలుగైదుసార్లు బండి కదిలిస్తే కాలికి తెలిసిపోతుంది. స్కూలు కారులో మాస్టారి వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. ఇన్నాళ్లూ బండి ఆగిపోకుండా చూసింది మీ కాలా, ఆయన కాలా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

రివర్స్ గేర్ ఎక్కడుందో లివర్ మీది బొమ్మలో చూసుకోండి. స్విఫ్ట్‌లో కుడివైపు కింద, ఐ10లో లివర్ మీది రింగ్ పైకెత్తి ఎడమవైపు పైన. పోలోలో ఇండికేటర్ ఎడమ చేతి వైపు ఉంటుంది. కొన్ని మారుతీ హైబ్రిడ్ కార్లలో ఆగి న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలితే ఇంజిన్ దానంతటదే ఆగుతుంది. బండి ఆఫ్ అయిందని టెన్షన్ పడకండి, క్లచ్ తొక్కితే స్టార్టవుతుంది.

అపోహ: సీటు, అద్దాలు సర్దుకుంటూ కూర్చుంటే ఇన్‌స్పెక్టర్‌కి కోపం వస్తుంది.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల పెడల్స్ సరిగ్గా అందకపోయినా అలాగే బండి తీసేవాళ్లని ఎందరినో చూశాను. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 15వ నిబంధన టెస్టులో చూడాల్సినవి వరసగా చెబుతుంది. అందులో మొట్టమొదటిదే వెనక చూసే అద్దం సర్దుకోవడం. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరుపుకోండి. వెనక ఎవరు హారన్ కొట్టినా సరే.

అపోహ: స్కూలు కారు తెస్తేనే పాస్ చేస్తారు. ఆ అవసరం లేదు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు సరిగ్గా ఉంటే సొంత కారైనా చాలు.

అపోహ: ఫెయిలైతే ఆరు నెలలు ఆగాలి. ఆగక్కర్లేదు. 7 రోజుల తర్వాత మళ్లీ టెస్టుకి వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితేనే 60 రోజులు ఆగాలి. లెర్నర్ లైసెన్స్ 6 నెలలు చెల్లుతుంది కాబట్టి ఆ తేదీ మాత్రం చూసుకుని స్లాట్ బుక్ చేసుకోండి.