ఓట్లు కదిలేది పది శాతం, సీట్లు పోయేది మొత్తం: కృష్ణా, గుంటూరు ఫలితాల వెనుక కథ

మంగళగిరిలో 2014లో వైసీపీ అభ్యర్థి ఆళ్ల రామకృష్ణారెడ్డి గెలిచింది 12 ఓట్లతో. 2019లో అక్కడే నారా లోకేశ్‌పై ఆయన మెజారిటీ 5,337. 2024లో లోకేశ్ 91,413 ఓట్ల తేడాతో గెలిచారు. విజయవాడ సెంట్రల్‌లో 2019లో మల్లాది విష్ణు చేతిలో 25 ఓట్లతో ఓడిన బొండా ఉమామహేశ్వరరావు, ఐదేళ్లు తిరిగేసరికి 68 వేల పైచిలుకు మెజారిటీతో నెగ్గారు.

ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కలిపి 33 స్థానాలు. 2014లో టీడీపీ, బీజేపీలకు 23, వైసీపీకి 10 వచ్చాయి. 2019లో వైసీపీకి 29, టీడీపీకి నాలుగే. 2024లో 33కి 33 టీడీపీ, జనసేన, బీజేపీ కూటమివే. ఈ అంకెలు చూసే ప్రతిసారీ ఓడిన పార్టీ పని అయిపోయిందనే మాట బలంగా వినిపిస్తుంది. ఓట్ల లెక్క మాత్రం అలా లేదు. 2019లో ఓడిన టీడీపీకి రాష్ట్రంలో 39.17 శాతం ఓట్లు పడితే 23 సీట్లు దక్కాయి. 2024లో ఓడిన వైసీపీకి 39.37 శాతం ఓట్లకు 11 సీట్లు వచ్చాయి. ప్రతిపక్ష హోదాకు లెక్కగట్టే పదో వంతుకు, అంటే 18కి, ఏడు తక్కువ.

ఓట్లు దాదాపు అన్నే అయినా సీట్లు సగానికి పడిపోయాయంటే, ఎదుటి పక్షం ఎన్ని ముక్కలుగా నిలబడిందో చూడాలి. మన దగ్గర పెద్ద పార్టీల ఓటు కొన్ని తాలూకాలకే పరిమితమై ఉండదు, రాష్ట్రమంతా పరుచుకుని ఉంటుంది. ఎదుటివాళ్లు ఒక్కటైతే 39 శాతంతో దాదాపు ప్రతిచోటా రెండో స్థానమే మిగులుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల నాటికి ఈ రెండు జిల్లాలూ కమ్యూనిస్టులకు గట్టి పట్టున్న చోట్లు. అధికారం తమదేనని వాళ్లు నమ్మారు. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ జట్టు కట్టి ఒక్కో స్థానంలో ఒక్కరినే నిలిపాయి. గన్నవరంలో పుచ్చలపల్లి సుందరయ్య గెలిచినా, సుమారు 31 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి 196 స్థానాల్లో దక్కింది 15.

1983, 1994 ఎన్నికలను పక్కపక్కన పెడితే విషయం ఇంకా తేటపడుతుంది. ఆ రెండుసార్లూ కాంగ్రెస్‌కు వచ్చింది 33 శాతం పైచిలుకు ఓట్లే. 1983లో 60 సీట్లు గెలిచింది, 1994లో 26 దగ్గర ఆగింది. మొదటిసారి వామపక్షాలు టీడీపీకి దూరంగా విడిగా పోటీ చేశాయి. రెండోసారి సీపీఐ, సీపీఎం రెండూ ఎన్టీఆర్ పక్కన నిలిచాయి. 2009లో ప్రజారాజ్యం మూడో పక్షంగా దిగి విజయవాడ నగరంలోని మూడు స్థానాల్లో తూర్పు, పశ్చిమ గెలిచింది. రాష్ట్రం మొత్తం మీద 18తో ఆగినా, ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలడంతో కాంగ్రెస్ 156 సీట్లతో ఒడ్డున పడింది. ఆ కాంగ్రెస్ ఓటు ఎటు వెళ్లబోతోందో 2012 జూన్ ఉప ఎన్నికలే చెప్పాయి: 18 అసెంబ్లీ స్థానాల్లో 15 వైసీపీ గెలిచింది. వాటిలో మాచర్ల, ప్రత్తిపాడు గుంటూరు జిల్లావి.

తెనాలి 2019 ఫలితం చూడండి. వైసీపీ మెజారిటీ 17,649. మూడో స్థానంలో నిలిచిన జనసేన అభ్యర్థి నాదెండ్ల మనోహర్‌కు 30 వేలకు దగ్గరగా వచ్చాయి. 2024లో టీడీపీ ఆ స్థానాన్ని ఆయనకే వదిలింది, మెజారిటీ 48 వేలు దాటింది. విజయవాడ సెంట్రల్‌లో 25 ఓట్ల తేడా వచ్చిన ఏడాది జనసేన మద్దతుతో సీపీఎం కూడా బరిలో ఉంది, దానికి పడిన ఓట్లు ఆ తేడాకు ఎన్నో రెట్లు. 2023 సెప్టెంబరు 14న రాజమహేంద్రవరం జైలు బయట పవన్ కల్యాణ్ పొత్తు ప్రకటించినప్పుడే ఈ లెక్క సగం మారిపోయింది. 2024 మార్చిలో బీజేపీ కూడా కలిసింది. టీడీపీ 144, జనసేన 21, బీజేపీ 10 స్థానాల్లో పోటీ చేశాయి.

అయితే అంతా పొత్తు మహిమే అనడం కూడా పొరపాటు. వైసీపీ ఓటు 49.95 నుంచి పదిన్నర శాతం జారింది. అది పొత్తు కూడిక కాదు, ఓటరు చేయి మార్చడం. మంగళగిరిలో 91 వేల తేడాకు ఏ కూడికా సరిపోదు. రాజధాని తెచ్చిన పార్టీనే 2019లో మంగళగిరి, తాడికొండ రెండింటిలోనూ ఓడించిన ఓటర్లు, ఆ డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక మనసు మార్చుకున్నారు.

సొంతంగా లెక్క చూసుకోదలచినవారికి ఎన్నికల సంఘం ఫారం 20 ఉంది. పోలింగ్ కేంద్రాలవారీగా ఏ అభ్యర్థికి ఎన్ని పడ్డాయో అందులో ఉంటుంది. పోస్టల్ బ్యాలెట్లు విడిగా చూపిస్తారు, వాటిని కలపకపోతే మొత్తం తేలదు. రెండు ఎన్నికల మధ్య కేంద్రాల సంఖ్యలు మారుతుంటాయి కాబట్టి నంబరు చూసి పోల్చకూడదు, బడి పేరో వీధి పేరో చూసి పోల్చాలి. జనసేనకు 2024లో వచ్చిన 6.85 శాతం 21 స్థానాల్లో పడిన ఓట్లే. 2019 నాటి 5.53తో దాన్ని పోల్చి పార్టీ ఒకటిన్నర శాతమే పెరిగిందంటే తప్పు. 2009కి ముందు లెక్కలతో ఇంకా జాగ్రత్త అవసరం. 2008 పునర్విభజనలో గుంటూరు జిల్లా స్థానాలు 19 నుంచి 17కు, కృష్ణావి 17 నుంచి 16కు తగ్గాయి. విజయవాడ సెంట్రల్ అప్పుడు పుట్టిందే. గుంటూరు 1, 2 అనేవి తూర్పు, పశ్చిమ అయ్యాయి.

విజయవాడ పశ్చిమ 2004లో కాంగ్రెస్ పొత్తులో సీపీఐది, 2009లో ప్రజారాజ్యానిది, తర్వాత రెండుసార్లు వైసీపీది. 2024లో అక్కడ గెలిచింది కూటమి తరఫున నిలబడిన బీజేపీ అభ్యర్థి సుజనా చౌదరి. బీజేపీ బలం అంతగా పెరిగిందనుకోవడం కంటే, సీట్ల సర్దుబాటులో ఆ స్థానం ఎవరి వాటాకు వచ్చిందో చూడటమే సరైన లెక్క.