పది సెంటీమీటర్ల తరంగం అట్లాంటిక్‌ను ఎలా గెలిపించింది?

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. 1943 మార్చి మధ్యలో ఉత్తర అట్లాంటిక్ దాటుతున్న రెండు కాన్వాయ్‌ల (గుంపుగా సాగే ఓడల బృందాల) మీద జర్మన్ జలాంతర్గాములు గుంపుగా విరుచుకుపడి 22 సరుకు ఓడలను ముంచేశాయి. ప్రతిగా జర్మనీ పోగొట్టుకున్నది ఒకే ఒక్క జలాంతర్గామి. అదే ఏడాది మే నెల ముగిసేసరికి 41 జలాంతర్గాములు పోయాయి. మే 24న జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి రమ్మన్నాడు. రెండు నెలల్లో పరిస్థితి ఇంతలా ఎలా తిరగబడింది?

కారణాలు చాలానే ఉన్నాయి. సముద్రం మధ్యదాకా ఎగరగల లిబరేటర్ విమానాలు, చిన్న విమానవాహక నౌకలు, రేడియో సందేశాలు ఏ దిక్కునుంచి వస్తున్నాయో పట్టే పరికరాలు, జర్మన్ల ఎనిగ్మా యంత్రపు రహస్య సంకేతాల ఛేదన, రాడార్... ఒక్కోదాని గురించి ఒక్కో పుస్తకం రాయొచ్చు. వాటిలో ఒక్కదాన్నే, రాడార్‌ను, ఇక్కడ చూద్దాం. యుద్ధంలో పైచేయి ఎలా చేతులు మారుతుందో లెక్కతో సహా చూపించగలిగేది అదే. పాఠ్యపుస్తకాలు స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ అని పేర్లు చెప్పి ముందుకు పోతాయి. నార్మండీలో దిగిన ప్రతి అమెరికన్ ట్యాంకూ ముందు ఈ సముద్రం దాటాలన్న సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు. చివరికి వాళ్లకు మిగిలేది 'అదృష్టం తిరిగింది' అన్న నమ్మకమే.

ముందు జలాంతర్గామి బలహీనత చూద్దాం. అప్పటి VIIC రకం జలాంతర్గామి నీటి మీద డీజిల్ ఇంజన్లతో గంటకు సుమారు 33 కిలోమీటర్లు పోగలదు. నీటి కింద బ్యాటరీతో గరిష్ఠంగా 14 కిలోమీటర్లు, అదీ కాసేపే. నిదానంగా, గంటకు ఏడున్నర కిలోమీటర్ల చొప్పున పోతే 150 కిలోమీటర్లకు బ్యాటరీ ఖాళీ. కాన్వాయ్ నడిచేదే గంటకు 13 నుంచి 17 కిలోమీటర్లు. అంటే మునిగి వెంటాడితే అందుకోవడం జరగని పని. అందుకే రాత్రిపూట పైకి తేలి, బ్యాటరీలు నింపుకుంటూ, ఓడలను దాటి ముందుకెళ్లి కాపుకాసేవి. శబ్దంతో వెతికే సోనార్‌కు, నీటి మీద తేలుతున్న జలాంతర్గామి సరిగా దొరకదు. చీకటే వాటికి కవచం.

ఆ కవచాన్ని చీల్చింది రాడార్. అయితే రాడార్‌లో ఒక పెద్ద లోపం ఉంది. చీకట్లో టార్చి పట్టుకుని వెతికేవాడు దొంగకు చాలా దూరం నుంచే కనిపిస్తాడు, దొంగ మాత్రం దగ్గరికొస్తే గానీ వాడికి కనిపించడు. ఇది లెక్కల్లోనూ ఉంది. విమానం పంపిన తరంగం జలాంతర్గామిని చేరేసరికి దూరం వర్గానికి విలోమంగా బలహీనపడుతుంది. ప్రతిధ్వనిగా తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అంతే బలహీనపడుతుంది. కాబట్టి దూరం రెట్టింపైతే జలాంతర్గామికి అందే సంకేతం నాలుగో వంతుకు తగ్గితే, విమానానికి తిరిగొచ్చేది పదహారో వంతుకు తగ్గుతుంది. వినేవాడిది రెండో ఘాతం, వెతికేవాడిది నాలుగో ఘాతం. సరైన రిసీవర్ ఉంటే వినేవాడిదే ఎప్పుడూ ముందడుగు.

1942లో జరిగింది ఇదే. బ్రిటిష్ విమానాల రాడార్ సుమారు మీటరున్నర తరంగదైర్ఘ్యంతో పనిచేసేది. జూన్ నుంచి దానికి లీ లైట్ అనే సర్చ్‌లైట్ తోడై, బిస్కే అఖాతంలో రాత్రుళ్లు దాడులు మొదలయ్యాయి. కొన్ని వారాలకే జర్మన్లు ఆ రాడార్ తరంగాలను వినే మెటాక్స్ అనే రిసీవర్‌ను జలాంతర్గాములకు బిగించారు. చెక్క చట్రంతో చేసిన శిలువ ఆకారపు యాంటెన్నా దానికి. మునిగే ముందు దాన్ని చేత్తో ఊడదీసి లోపలికి లాక్కోవాలి. మోటుదే అయినా పనిచేసింది. విమానం తమను పట్టేలోపే జలాంతర్గాములు మునిగిపోయేవి.

దీనికి విరుగుడు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో అప్పటికే తయారై ఉంది. 1940 ఫిబ్రవరి 21న రాండల్, బూట్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు పొట్టి రేడియో తరంగాలను బలంగా పుట్టించే కేవిటీ మాగ్నెట్రాన్ అనే పరికరాన్ని తొలిసారి నడిపారు. రాగి దిమ్మ మధ్యలో ఒక రంధ్రం, దాని చుట్టూ ఆరు చిన్న రంధ్రాలు. ఒక్కో చిన్న రంధ్రానికీ మధ్య రంధ్రానికీ నడుమ సన్నని చీలిక. మధ్యలో కేథోడ్. అక్షం వెంబడి అయస్కాంత క్షేత్రం. కేథోడ్ నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు నేరుగా పోలేక వంకర తిరుగుతూ, చక్రం ఆకుల్లా గుంపులు కట్టి చీలికల ముందుగా సాగిపోతాయి. చీలిక కెపాసిటర్‌గా, రంధ్రం గోడ ఇండక్టర్‌గా పనిచేసి, రెండూ కలిసి ఒకే పౌనఃపున్యం దగ్గర అనునాదం చెందుతాయి. రంధ్రం వ్యాసాన్ని బట్టే తరంగదైర్ఘ్యం. హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త రేడియో ప్రయోగాల్లో వాడిన తీగ వలయానికి కట్టిన పాత సూత్రం ప్రకారం అది వ్యాసానికి 7.94 రెట్లు. 1.2 సెంటీమీటర్ల రంధ్రానికి 9.5 సెంటీమీటర్లు రావాలి, నిజంగా వచ్చింది 9.8. మొదటిసారే సుమారు 400 వాట్లు! ఒక చిక్కు మాత్రం వచ్చింది. రంధ్రాల మధ్య పొత్తు కుదరక పౌనఃపున్యం ఉన్నట్టుండి ఇంకోదానికి దూకేది. 1941లో సేయర్స్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక రంధ్రం విడిచి ఒకటిగా దిమ్మ భాగాలను తీగలతో కలపగానే అది కుదురుకుంది, సామర్థ్యమూ బాగా పెరిగింది.

పది సెంటీమీటర్లతో లాభమేంటి? రాడార్ పంపే తరంగాల పుంజం ఎంత సన్నగా ఉంటుందో తరంగదైర్ఘ్యాన్ని యాంటెన్నా వెడల్పుతో భాగిస్తే తెలుస్తుంది. 75 సెంటీమీటర్ల యాంటెన్నాతో సుమారు 9 డిగ్రీల పుంజం వస్తుంది. మీటరున్నర తరంగంతో అంత సన్నని పుంజం కావాలంటే 11 మీటర్ల యాంటెన్నా ఉండాలి, లిబరేటర్ రెక్కల మొత్తం వెడల్పులో మూడో వంతు! అన్నిటికన్నా ముఖ్యం, మెటాక్స్ ఈ తరంగాన్ని అసలు వినలేదు.

1943 మార్చిలో ఈ రాడార్ గస్తీ విమానాల్లోకి వచ్చింది. మెటాక్స్ మౌనంగా ఉండగానే బాంబులు పడసాగాయి. నిజానికి ఫిబ్రవరిలోనే రోటర్‌డామ్ దగ్గర కూలిన బాంబర్‌లో మాగ్నెట్రాన్ జర్మన్ల చేతికి చిక్కింది. కానీ సెంటీమీటర్ తరంగాలను పట్టే నాక్సోస్ రిసీవర్ జలాంతర్గాములకు చేరేసరికి శరదృతువు వచ్చింది, అదీ చాలా తక్కువ దూరం నుంచే వినగలిగేది. ఈలోగా ఆగస్టులో మెటాక్స్ నుంచి వెలువడే రేడియో తరంగాలే విమానాలను పిలుస్తున్నాయని నమ్మి, దాన్ని ఆపేయమన్నారు! ఎదుటివాడి తరంగదైర్ఘ్యం మారిందన్న సాదా కారణాన్ని వదిలేసి, తమ పరికరాన్నే అనుమానించారు.

బ్రిటిష్ ఇంజనీర్లు వినేవాడి రెండో ఘాతాన్ని కూడా ఓడించే విక్సెన్ అనే ఉపాయం కనిపెట్టారు. అందులోని లెక్క ఎంత అందంగా ఉంటుందో చూడండి. విమానం దగ్గరికెళ్తున్న కొద్దీ రాడార్ శక్తిని దూరం ఘనానికి అనులోమంగా తగ్గిస్తూ పోవాలి. దూరం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు దిగుతుంది. జలాంతర్గామికి దగ్గరితనం వల్ల నాలుగు రెట్లు పెరగాల్సిన సంకేతం, శక్తి తగ్గడం వల్ల సగానికి పడిపోతుంది. లోపల చెవులు రిక్కించి వింటున్న వ్యక్తి విమానం దూరంగా పోతోందని అనుకుంటాడు. విమానానికి వచ్చే ప్రతిధ్వని మాత్రం పదహారు రెట్లలో ఎనిమిదో వంతు, అంటే రెండు రెట్లు పెరుగుతుంది.

1944లో జర్మన్లు ఆ వినికిడి పందేన్నే పక్కనపెట్టి, నీటి కిందే ఉండి డీజిల్ నడిపేందుకు ష్నోర్కెల్ అనే గాలిగొట్టం తెచ్చారు. నీటి పైన కనిపించేది ఆ గొట్టం తల ఒక్కటే. అలల నుంచి వచ్చే ప్రతిధ్వనిలో అది కలిసిపోయి, పది సెంటీమీటర్ల రాడార్‌కు మళ్లీ కష్టమైంది. అయితే గొట్టం పెట్టుకుని నడిచే జలాంతర్గామి కాన్వాయ్‌ను అందుకోలేదు. ప్రాణం దక్కించుకోగలిగింది గానీ మునుపటిలా ఓడలను ముంచలేకపోయింది.