ఒకటి పడితే చాలు

పోయిన ఆదివారం రాత్రి ఫోన్‌లో లూడో ఆడుతుంటే నావి మూడు కాయలు పండాయి. నాలుగోది పండుకి, అంటే బోర్డు మధ్యలో ఉన్న గమ్యానికి, ఒక్క గడి దూరంలో కూర్చుంది. అత్తవి రెండే పండాయి, ఇంకో రెండు బయట తిరుగుతున్నాయి. సరిగ్గా కావలసిన అంకె పడితేనే కాయ పండుతుంది కాబట్టి, నాకు ఒకటి పడితే ఆట అయిపోతుంది. పదకొండు పందేలు వేశాను. ఆరు పడింది, నాలుగు పడింది, మళ్లీ ఆరు పడింది, ఒకటి మాత్రం పడలేదు. ఈలోపు రాజమండ్రిలో మా మేనత్త తాపీగా రెండు కాయలూ పండించేసుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి మరీ నవ్వింది.

“ఇది చీటింగ్ చిన్నక్కా, యాప్ వాడు కావాలనే ఇలా చేస్తాడు” అన్నాడు బెంగళూరు నుంచి తమ్ముడు. డల్లాస్‌లో ఉన్న పెద్దక్క వాడినే సమర్థించింది. అత్త మాత్రం, “గవ్వలతో ఆడేటప్పుడు కూడా ఇది ఇలాగే ఏడ్చేది” అని తేల్చేసింది.

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టక కాగితం, పెన్ను తీశాను. పదకొండు పందేల్లో ఒక్కసారీ ఒకటి పడకపోవడానికి అవకాశం 13 శాతం పైనే. అంటే నాలాగా చిక్కుకున్న ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరికి జరిగేదే. ఇంకో సంగతి తేలింది, అది నేను మొదట నమ్మలేదు. పండుకి ఒక గడి దూరంలో ఉన్నా, ఆరు గడుల దూరంలో ఉన్నా, ఆఖరి కాయ పండటానికి సగటున పట్టే పందేలు ఒకటే: ఆరు.

ఎలాగో చూడండి. ఒక గడి దూరంలో ఉంటే ఒకటి పడాలి. నాలుగు గడుల దూరంలో ఉంటే నాలుగు పడాలి, లేదా మూడు పడి, తర్వాత ఒకటి పడాలి. ఇలా దారులు చాలా కనిపిస్తాయి కాబట్టి వెనకాల ఉన్నవాడికే సుఖం అనిపిస్తుంది, ఇంకొకరికేమో దగ్గరున్నవాడికే సుఖం అనిపిస్తుంది. కానీ కాయ ఆరు గడుల లోపు ఎక్కడున్నా, తర్వాత వేసే పందెంలో దాన్ని పండించే అంకె సరిగ్గా ఒక్కటే. చిన్న అంకె పడితే కాయ కాస్త జరుగుతుంది, పెద్ద అంకె పడితే కదలదు. జరిగినా కదలకపోయినా, మళ్లీ పండించే అంకె ఒక్కటే. ప్రతి పందేనికీ ఆరింట ఒక వంతు అవకాశం, అంతే. ఆ ఆరు గడుల్లో ముందుకు జరగడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. మనం “అబ్బ, మూడు పడింది, దగ్గరికొచ్చేశా” అని సంబరపడేది ఉత్తిదే.

రెండు కాయలు మిగిలి ఉంటే లెక్క మారుతుంది. రెండూ ఒక్కో గడి దూరంలో ఉంటే రెండింటికీ ఒకటే కావాలి, సగటున పన్నెండు పందేలు. ఒకటి ఒక గడి దూరంలో, రెండోది రెండు గడుల దూరంలో ఉంటే పనికొచ్చే అంకెలు రెండవుతాయి. మొదటి కాయ సగటున మూడు పందేల్లో పండుతుంది, మిగిలినదానికి ఆరు, మొత్తం తొమ్మిది. ఇక్కడే నేను చాలాసార్లు తప్పు చేశాను. ఒకటి పడినప్పుడు దగ్గరి కాయని పండించకుండా, వెనక ఉన్నదాన్ని ముందుకు జరిపి పక్కపక్కన కూర్చోబెట్టేదాన్ని, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని. ఆ ముచ్చట ఖరీదు ఆరు పందేలు.

‘సరిగ్గా పడాలి’ అనే నియమం లేకుండా ఆడితే? చిన్నపిల్లలతో ఆడేటప్పుడు చాలా ఇళ్లలో ఎక్కువ పడినా పండించేస్తారు. అప్పుడు ఆరు గడుల దూరం నుంచి సగటున రెండు పందేల కంటే కాస్త ఎక్కువ సరిపోతాయి. అసలు నియమంతో ఆరు. కాయలు ఇంకా బయట ఉన్నంతసేపు ఈ తేడా పెద్దగా బాధించదు, ఎందుకంటే ఒకదానికి పనికిరాని అంకెని ఇంకోదానికి వాడుకుంటాం. ఒక్క కాయే మిగిలినప్పుడు పనికిరాని ప్రతి పందెమూ నష్టమే. అందుకే ఆటంతా ముందున్నవాడే చివర్లో చిక్కుకుపోతాడు, వెనకున్నవాడు కులాసాగా నడిపించుకుంటూ వచ్చేస్తాడు. ముందున్నవాడి దగ్గర ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదు మరి. లూడోలో తెలివి అంటే ఏ కాయ జరపాలో ఎంచుకోవడమే. కాయ ఒక్కటే అయితే తెలివి ఉన్నా లేకపోయినా ఒకటే, అప్పుడు ఆడేది పాచిక.

ఆట మొదట్లోనూ ఇదే బాధ. ఆరు పడితే గానీ కాయ బయటికి రాదు. అప్పుడు కూడా మన చేతిలో ఏమీ ఉండదు. ఒక మనిషికి పది పందేల్లో ఒక్క ఆరు కూడా పడకపోవడానికి అవకాశం 16 శాతం. నలుగురు ఆడుతుంటే, నలుగురిలో కనీసం ఒకరికి ఆ గతి పట్టడానికి అవకాశం 50 శాతం కంటే కాస్త ఎక్కువ. సగం ఆటల్లో ఎవరో ఒకరు పది వరుసల పాటు నాలుగు కాయలూ ఇంట్లో పెట్టుకుని గోళ్లు కొరుక్కుంటూ ఉంటారన్నమాట. మా ఇంట్లో అది తమ్ముడు. అందుకే వాడికి యాప్ మీద అంత కోపం.

‘ఒకటి పడినా బయటికి రావచ్చు’ అని నియమం పెట్టుకుంటే? ఆ 50 శాతం ఒక్క దెబ్బకి 7 శాతానికి పడిపోతుంది. చిన్న మార్పే, కానీ ఆట స్వభావమే మారుతుంది. కొన్ని యాప్‌లలో ఒక కాయని ముందే బయట పెట్టి ఇచ్చేది కూడా ఇందుకే. టైం ఆదా అని చెబుతారు గానీ, నిజానికి కోసేసేది ఎంపిక లేని ఆ మొదటి భాగాన్ని.

ఈ ఆరు గొడవ మన పాత ఆటల్లో ఇలా లేదు. లూడో అనేది పచ్చీసుని ఇంగ్లండ్‌లో పొట్టిగా చేసిన రూపం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆల్ఫ్రెడ్ కాలియర్ అనే ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. లూడో అంటే లాటిన్‌లో ‘నేను ఆడతాను’ అని అర్థం. గవ్వలు తీసేసి పాచిక పెట్టారు, అదే ఆట నూరేళ్లు తిరిగి మళ్లీ మన ఫోన్లలోకి వచ్చింది. నవీ ముంబయిలో తయారైన లూడో కింగ్ 2016లో వచ్చినా, 2020 లాక్‌డౌన్‌లో గానీ ప్రతి ఇంటికీ చేరలేదు.

మన అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఈ రెంటికీ మళ్లీ పందెం ఉంటుంది. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే, అష్టా గానీ చెమ్మా గానీ పడటానికి అవకాశం ఎనిమిదింట ఒక వంతు. లూడోలో ఆరు కంటే తక్కువ. కానీ గవ్వ నాణెం కాదు. ఒకవైపు ఉబ్బు, ఒకవైపు నోరు. పదిసార్లలో ఏడుసార్లు ఒకేవైపు పడే గవ్వలు నాలుగు దొరికాయనుకోండి, ఆ అవకాశం దాదాపు నాలుగింట ఒక వంతుకి పెరుగుతుంది. గవ్వ ఎటువైపు మొగ్గినా సరే, మొగ్గితే చాలు, అష్టాచెమ్మాలు పెరుగుతాయి. సరిసమానంగా పడే గవ్వలే అందరికంటే పిసినారివి. అత్త దగ్గర ఒక గుడ్డసంచిలో ప్రత్యేకంగా దాచుకున్న గవ్వలు ఉండేవి, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఇన్నాళ్లకి నాకు అనుమానం మొదలైంది.

మధ్యలో ఉన్న ఆటకి వద్దాం, లూడోలో నాకు ఇష్టమైన భాగం అదే. బోర్డు చుట్టూ 52 గడులు. యాప్‌లలో సాధారణంగా ఎనిమిది చోట్ల చావు లేదు: నాలుగు రంగుల బయల్దేరే గడులు, నాలుగు చుక్కల గడులు. బయల్దేరే గడి నుంచి చుక్క గడికి ఎనిమిది అడుగులు, చుక్క గడి నుంచి తర్వాతి బయల్దేరే గడికి అయిదు. ఆ అయిదుని ఒక్క పందెంలో దాటవచ్చు. ఎనిమిదిని ఒక్క అంకెతో దాటలేం, ఆరు పడి మళ్లీ రెండు పడితే తప్ప మధ్యలో ఎక్కడో ఆగాల్సిందే. కాబట్టి కాయలు ఎక్కువగా చచ్చేది ఆ ఎనిమిది అడుగుల దారిలోనే.

వెనక శత్రువు ఎంత దూరంలో ఉన్నాడన్నది కూడా లెక్కే. ఆరు గడుల లోపు ఉంటే మనల్ని కొట్టడానికి వాడికి అవకాశం ఆరింట ఒకటి. ఏడు నుంచి పన్నెండు గడుల దూరంలో ఉంటే ముందు ఆరు పడాలి, తర్వాత సరైన అంకె పడాలి: 36లో ఒకటి. ఆరో గడి నుంచి ఏడో గడికి జరిగితే ప్రమాదం ఆరో వంతుకి తగ్గుతుంది, కానీ అయిదో గడి నుంచి ఆరో గడికి జరిగితే ఏమీ తగ్గదు. వెనక ఇద్దరు వేర్వేరు ఆటగాళ్లు ఆరు లోపు ఉంటే 30 శాతం దాటుతుంది, టెన్షన్ పడాల్సిందే. ఈ మూడు ముక్కలు తెలిసినవాడు పది ఆటల్లో ఎక్కువ గెలుస్తాడు. ఒక్క ఆటలో గెలుస్తాడని మాత్రం చెప్పలేం.

ఇక తమ్ముడి ఆరోపణ. ఫోన్‌లో పాచిక దొర్లడం ఉత్త బొమ్మ. మనం వేలు పెట్టే సమయానికి, లేదా అంతకుముందే, అంకె తేలిపోతుంది. గట్టిగా నొక్కినా, ఊది నొక్కినా మారదు (అత్త ఊదుతుంది). ఆ అంకెలు ఒక సూత్రం నుంచి వస్తాయి. సరిగ్గా రాస్తే అవి యాదృచ్ఛికమైన అంకెల్లాగే ప్రవర్తిస్తాయి. రాసేవాడు అశ్రద్ధ చేస్తే చిన్న వంకర రావచ్చు. ఉదాహరణకి 0 నుంచి 255 వరకు సమానంగా వచ్చే సంఖ్యని ఆరుతో భాగించి శేషం తీసుకుంటే, 256లో ఆరు నిశ్శేషంగా పోదు కాబట్టి నాలుగు ముఖాలకి 43 చొప్పున, రెండు ముఖాలకి 42 చొప్పున వాటా వస్తుంది. జాగ్రత్తపరులు చివరి నాలుగు సంఖ్యలు వస్తే పారేసి మళ్లీ తీస్తారు, వంకర పోతుంది.

చేతిలో పట్టుకునే పాచిక ఇంతకంటే నిజాయితీపరురాలు అనుకుంటే పొరపాటు. 1894లో వాల్టర్ వెల్డన్ అనే ఆంగ్ల జంతుశాస్త్రవేత్త పన్నెండు పాచికల్ని 26,306 సార్లు వేసిన లెక్కలు పోగేశాడు. అయిదు గానీ ఆరు గానీ 1,05,224 సార్లు రావాలి, 1,06,602 సార్లు వచ్చాయి. చుక్కల కోసం గుంటలు తవ్వుతారు కదా, అయిదు, ఆరు ఉన్న వైపు ఎక్కువ గుంటలు, అక్కడ బరువు తక్కువ, అందుకే అవి పైకి తేలతాయని దానికి చెప్పే కారణం. గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1900లో తన ప్రసిద్ధ కై-స్క్వేర్ పరీక్షని ఈ లెక్కల మీదే ప్రయోగించి, ఇది అనుకోకుండా వచ్చిన తేడా కాదని చూపించాడు.

కాబట్టి యాప్‌ని అనుమానించడం తప్పు కాదు, కానీ ఎన్ని పందేలు రాసి చూశావన్నదే ప్రశ్న. 60 పందేలు వేస్తే పది ఆరులు రావాలి, కానీ నాలుగు వచ్చినా పదహారు వచ్చినా ఆశ్చర్యం లేదు. 600 వేస్తే వంద రావాలి, 82 నుంచి 118 దాకా మామూలే. ‘మొన్న రాత్రి’ అన్నది లెక్కలోకి రాదు. పైగా నలుగురు పూర్తిగా ఆడే ఆటలో రెండొందలకి పైగా వరుసలు ఉంటాయి. వరసగా మూడు ఆరులు పడటం 216లో ఒకసారి. ప్రతి ఆటలోనూ దాదాపు ఒకసారి ఎవరికో ఒకరికి పడి, వరుస రద్దయి, ఆ మనిషి అరుస్తాడన్నమాట.

డబ్బు పెట్టి ఆడితే కథ వేరు. ఇది నైపుణ్యమా అదృష్టమా అని కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం ఆ వాదన జోలికే పోకుండా, డబ్బుతో ఆడేదాన్ని ఏదైనా సరే ఆపమంది. నన్నడిగితే లూడోకి ఆ ప్రశ్నే సరిపడదు. మొదట్లో అదృష్టం, మధ్యలో నైపుణ్యం, చివర్లో మళ్లీ అదృష్టం. ఏ నియమాలతో ఆడుతున్నామో చెప్పకుండా వాటాలు తేల్చలేం.

నా కాగితం ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, వచ్చే వారం నుంచి ఎక్కువ పడినా పండించుకోవచ్చని నియమం మార్చుదామన్నాను. తమ్ముడు ఒప్పుకున్నాడు. పెద్దక్క, యాప్‌లో అలా మార్చే వీలుందో లేదో చూస్తానంది. అత్త వాయిస్ మెసేజ్ పెట్టింది: “సరిగ్గా పడకుండా పండేది పండెలా అవుతుందే? నీకు పండించుకోవడం చేతకాకపోతే ఆదివారం నువ్వు వంట చూసుకో, మేం ముగ్గురం ఆడుకుంటాం.”